చల్లగా ఉన్నప్పుడు బంగారం, వేడెక్కితే మొండికేత: బ్రష్ కట్టర్‌కి కొత్త కాయిల్ వేశాక నా రివ్యూ

ముందే చెప్పేస్తాను, ఈ కాయిల్ (ప్లగ్గుకి స్పార్క్ అందించేది) బాగానే పనిచేస్తోంది. ఐదుకి నాలుగు స్టార్లు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్క స్టారూ ప్లగ్గు మీద తొడిగే రబ్బరు క్యాప్ పుణ్యమే, దాని సంగతి తర్వాత చెబుతాను. అయితే దీని దాకా వచ్చేలోపు నేను ఒక కార్బొరేటర్, రెండు ప్లగ్గులు, ఎందుకూ పనికిరాని ఇంకో కాయిల్ కొన్నాను. మీరైనా అంత చుట్టు తిరగకుండా ఉంటారని కాస్త పొడుగ్గా రాస్తున్నా.

నాది 52 సీసీ టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్, అంటే గడ్డి కోసే మిషన్, భుజానికి బెల్టు తగిలించుకునే రకం. స్పేర్ పార్ట్స్ అమ్మేవాళ్లు ఈ ఇంజన్‌ని 44-5 అంటారు. 43 సీసీ అయితే 40-5. కాయిల్ కొనేటప్పుడు మిషన్ కంపెనీ పేరు కన్నా ఈ నంబరే ఎక్కువ పనికొస్తుంది.

జబ్బు ఇలా మొదలైంది. పొద్దున తాడు రెండుసార్లు లాగితే చాలు, స్టార్ట్ అయ్యేది. ఇరవై నిమిషాలు శుభ్రంగా గడ్డి కోసేది. ఆ తర్వాత ఎవరో వెనక నుంచి స్విచ్ నొక్కినట్టు టక్కున ఆగిపోయేది. ఇక భుజం ఊడిపోయేలా లాగినా ఉలుకూ పలుకూ ఉండదు. నలభై నిమిషాలు నీడలో పెట్టి మళ్లీ లాగితే, ఏమీ ఎరగనట్టు మొదటి లాగుకే అందుకునేది.

మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లేసరికి అది చల్లారిపోతుంది కదా. డాక్టరు ముందు కూర్చోగానే దగ్గు ఆగిపోయినట్టు, అతని ముందు చక్కగా తిరిగేది. "కార్బొరేటర్ డయాఫ్రమ్ గట్టిపడి ఉంటుంది సార్, కార్బొరేటరే మార్చేద్దాం" అన్నాడు. డయాఫ్రమ్ అంటే పెట్రోలు తోడే పల్చటి పొర. మార్చాం. మర్నాడు ఇరవయ్యో నిమిషానికి మళ్లీ అదే కథ. అతని తప్పేం లేదు, పెట్రోలు అందకపోయినా ఇంజన్ ఇలాగే ఆగుతుంది. తప్పు నాదే. ఆగిపోయిన ఆ నిమిషంలోనే స్పార్క్ ఉందో లేదో చూడాలని నాకు తట్టలేదు.

తట్టాక చేసింది ఇదీ. జేబులో ఒక స్పేర్ ప్లగ్గు వేసుకుని పనికి దిగాను. మిషన్ ఆగిపోగానే ఇంజన్‌లో ఉన్న ప్లగ్గుని కదపకుండా, క్యాప్ మాత్రం ఊడదీసి స్పేర్ ప్లగ్గుకి తగిలించాను. దాని లోహపు ఒంటిని సిలిండర్ రెక్కకి గట్టిగా ఆనించి తాడు లాగాను. అసలు ప్లగ్గు దాని చోటే ఉంది కాబట్టి ఆ రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి బయటికి చిమ్మదు, నిప్పు భయం తక్కువ. ఎండలో స్పార్క్ కంటికి ఆనదు, నీడలోకి తెచ్చి చూడాలి. వేడి మీద ఒకటీ అరా సన్నని నారింజ రంగు దారం కనిపించి మాయమైంది. మిగతా లాగులకి అదీ లేదు. నలభై నిమిషాలాగి చూస్తే చిటుక్ చిటుక్‌మని నీలం రంగు స్పార్క్. కార్బొరేటర్‌కి అనవసరంగా డబ్బు తగలేశానని అప్పుడు అర్థమైంది.

అయినా వెంటనే కాయిల్ కొనకండి. కాయిల్ నుంచి రెండు వైర్లు వస్తాయి. లావుది ప్లగ్గుకి, సన్నది ఆఫ్ స్విచ్‌కి. ఇంట్లో లైటు స్విచ్ లాగా ఇది కరెంటు దారి తెంపదు. కాయిల్‌లో పుట్టే కరెంటుని ఇంజన్ బాడీలోకి దింపేస్తుంది, అలా స్పార్క్ చంపుతుంది. అంటే ఆ సన్న వైరు పైతోలు ఎక్కడైనా ఒరుసుకుపోయి లోపలి రాగి బాడీకి తగిలితే, స్విచ్ ఆన్‌లోనే ఉన్నా మిషన్ ఆఫ్ అయినట్టే. ఇలా నిక్షేపంలాంటి కాయిల్ చెత్తబుట్టలో పడుతుంది. ఆ సన్న వైరు కనెక్టర్ ఊడదీసి మళ్లీ స్పార్క్ చూడండి. వస్తే వైరుదే తప్పు, టేపు చుట్టుకుంటే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: ఆ వైరు ఊడి ఉన్నప్పుడు ఇంజన్ అందుకుంటే స్విచ్‌తో ఆగదు. చోక్ మూసి ఊపిరాడకుండా చేసి ఆపాలి. నాకు వైరు ఊడదీసినా వేడి మీద స్పార్క్ రాలేదు. దాంతో అనుమానం తీరింది.

మల్టీమీటర్ పెట్టి కూడా చూశాను, చల్లగా ఉన్నప్పుడు. ఏదో అంకె చూపించింది, అది చూసి నేను తేల్చుకున్నది ఏమీ లేదు. పాత ప్లాటినం పాయింట్ల కాలంలో కాయిల్ అంటే ఉత్త రాగి తీగ చుట్ట. ఇప్పటి వాటిలో తీగ చుట్టలతో పాటు ఎలక్ట్రానిక్ సర్క్యూట్ కూడా ఎపాక్సీ (గట్టిపడే జిగురు) ముద్దలో ఒకటిగా పాతేసి ఉంటుంది. లోపల వెంట్రుకంత సన్నం తీగ మీద పూత ఎక్కడో పగిలిందనుకోండి. వేడికి ముద్ద సాగినప్పుడు ఆ పగులు విచ్చుకుంటుంది, చల్లారితే మూసుకుంటుంది. చిన్న బ్యాటరీతో కొలిచే మీటర్‌కి అది దొరకదు.

ఇక మొదటి కాయిల్ కథ. "52 సీసీకి సరిపోతుంది" అని రాసి ఉంది, ఫొటో అచ్చు నా దానిలాగే ఉంది. స్క్రూ రంధ్రాలు కూడా కలిశాయి. తీరా బిగించబోతే, ఇనప రేకుల కాళ్ల వంపు నా ఫ్లైవీల్ (ఇంజన్‌తో పాటు తిరిగే, మ్యాగ్నెట్ ఉన్న చక్రం) వంపుతో కలవలేదు. ఒక కాలు ఫ్లైవీల్‌ని ముట్టుకుంటుంటే రెండో కాలి కింద గోరు దూరేంత సందు. మొండిగా అలాగే సర్ది చూస్తే స్పార్క్ గట్టిగా లాగినప్పుడే వచ్చింది, అదీ ఒక్కోసారే. వెనక్కి పంపుతానంటే స్క్రూ గుర్తులు పడ్డాయని అమ్మినవాడు తీసుకోలేదు. అది ఇప్పుడు నా టేబుల్ మీద కాగితాలు ఎగరకుండా కాపలా కాస్తోంది.

అందుకే రెండోసారి, అంటే ఈ రివ్యూ రాస్తున్న కాయిల్ కొనేముందు, పాతది విప్పి వెర్నియర్‌తో కొలిచాను. స్క్రూ రంధ్రాల మధ్య దూరం, కాళ్ల వంపు, లావు వైరు ఏ పక్క నుంచి ఎంత పొడుగు వస్తోంది, సన్న వైరు తగిలించే టెర్మినల్ ఎలాంటిది. ఈ నాలుగూ కలిస్తేనే ఆర్డరు పెట్టాను. ఇవన్నీ కలిసినా వేరే మోడల్ కాయిల్‌లో టైమింగ్ తేడా ఉండొచ్చు. కొన్నిటిలో వేగం ఒక హద్దు దాటకుండా స్పార్క్ కోసే లిమిటర్ కూడా ఉంటుంది. కాబట్టి ఇంజన్ నంబరు కలవడం కూడా ముఖ్యమే.

ఫ్యాన్ కవర్ విప్పగానే పాత కాయిల్ ఎందుకు పోయిందో కూడా తెలిసింది. ఈ ఇంజన్లలో ఫ్లైవీలే ఫ్యాన్. దాని రెక్కల సందుల్లో గడ్డి పొట్టు, ఆయిల్ జిడ్డు కలిసి పిడకలా గట్టిపడి ఉంది. గాలి ఆడక సిలిండర్ వేడంతా పక్కనే ఉన్న కాయిల్ మీద పడుతోందన్నమాట. పాత టూత్ బ్రష్షు, చెక్క పుల్ల పెట్టి గీకితే గుప్పెడు వచ్చింది. అది శుభ్రం చేయకుండా కొత్త కాయిల్ వేస్తే దానికీ అదే గతి. ఫ్లైవీల్‌లో మ్యాగ్నెట్ ఉన్నచోట పట్టిన తుప్పుని సన్న ఎమరీ పేపర్‌తో రుద్ది తుడిచాను.

కొత్త కాయిల్ కాళ్ల మీద వార్నిష్ దట్టంగా ఉంది, స్క్రూ కూర్చునే చోట కూడా. కాయిల్‌కి ఎర్త్ దొరికేది ఆ స్క్రూల దగ్గరే. కాబట్టి అక్కడ మాత్రం గీకి లోహం మెరిసేదాకా తీశాను. పెట్టెలో ఇది చెప్పే కాగితం ముక్క కూడా లేదు.

తర్వాతిది గ్యాప్. పనంతటికీ ప్రాణం ఇదే. కాయిల్ కాళ్లకీ ఫ్లైవీల్‌కీ మధ్య సుమారు 0.3 మిల్లీమీటర్ల సందు ఉండాలి. మీ మిషన్ పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే పాటించండి. నేను విజిటింగ్ కార్డు వాడాను, వెర్నియర్‌తో కొలిస్తే సరిగ్గా 0.3 ఉంది. చేతికందిందని ఏటీఎం కార్డు మాత్రం దూర్చకండి, దాని మందం 0.76. సందు కొలిచే స్టీలు రేకు, అదే ఫీలర్ గేజ్ అయితే మ్యాగ్నెట్‌కి అతుక్కుని చిరాకు పెడుతుంది.

ఫ్లైవీల్ తిప్పి మ్యాగ్నెట్‌ని కాయిల్ కాళ్ల కిందికి తెచ్చాను. మధ్యలో కార్డు పెట్టి స్క్రూలు వదులు చేయగానే మ్యాగ్నెట్ కాయిల్‌ని టక్కున లాక్కుంది. వేలితో నొక్కాల్సిన పని కూడా లేదు. అలా పట్టుకుని ఉండగానే రెండు స్క్రూలూ మార్చి మార్చి బిగించి, ఫ్లైవీల్‌ని మెల్లగా తిప్పితే కార్డు నలక్కుండా బయటికొచ్చింది. అక్కడితో అయిపోలేదు. ప్లగ్గు తీసి ఫ్లైవీల్‌ని చేత్తో పూర్తిగా ఒక చుట్టు తిప్పి చెవి పెట్టి విన్నాను. ఒకచోట సర్ర్‌మని సన్నగా రాపిడి. కాయిల్ ఒక పక్కకి ఒరిగింది. మళ్లీ వదులు చేసి, మళ్లీ కార్డు పెట్టి బిగిస్తే చప్పుడు పోయింది. ఆ స్క్రూలు దిగేది మెత్తటి అల్యూమినియంలోకి, కాబట్టి బలమంతా చూపిస్తే మర చెడిపోతుంది. వదులుగా ఉంటే అదురుకి జారి కాయిల్ వెళ్లి ఫ్లైవీల్‌కి కొట్టుకుంటుంది. తలా ఒక చుక్క థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) వేసి మితంగా బిగించాను.

ఇప్పుడు ఆ పోయిన స్టార్ గురించి. బిగించాక తాడు లాగితే ప్లగ్గు దగ్గర స్పార్క్ ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. గుండె జారిపోయింది, ఇదీ డబ్బా కాయిలేనా అని. రాత్రి లైటు ఆపి చూస్తే రబ్బరు క్యాప్ లోపల నీలంగా మెరుస్తోంది. క్యాప్‌లో ఒక చిన్న స్ప్రింగ్ ఉంటుంది, దాని ముల్లు వైరు నడిమధ్యనున్న రాగిలోకి దిగాలి. ఇందులో ముల్లు పక్కకి, రబ్బరులోకి గుచ్చారు. కరెంటు ఆ సందు దూకలేక లోపలే ఆడుతోంది. క్యాప్ పీకి, వైరు కొస ఐదు మిల్లీమీటర్లు కోసి, నా పాత క్యాప్, పాత స్ప్రింగ్ సరిగ్గా గుచ్చి ఎక్కించాను. అంతే, ప్రతి లాగుకీ స్పార్క్. పది నిమిషాల పనే అనుకోండి, కానీ ఈ సంగతి తెలియనివాడు నిక్షేపంలాంటి కాయిల్‌ని తిట్టి వెనక్కి పంపేస్తాడు. ఆ వైరు కూడా ఇంకో రెండు అంగుళాలు పొడుగిస్తే వాళ్ల సొమ్మేం పోదు.

ప్లగ్గు కూడా కొత్తది వేశాను, సందు 0.6 నుంచి 0.7 మధ్య. ఆ సందు అరిగి పెద్దదైతే అది దూకడానికి కాయిల్ ఎక్కువ వోల్టేజీ పుట్టించాలి, ఆ భారం దాని మీదే. ఇంకోటి ఒప్పుకోవాలి. పాత కాయిల్ బతికున్న రోజుల్లో నేను క్యాప్ ఊడదీసి గాల్లో వేలాడుతుండగానే తాడు లాగేవాణ్ణి, సిలిండర్‌లో ఎక్కువైన పెట్రోలు పోవాలని. అలా చేస్తే వేల వోల్టులు దారి దొరక్క లోపలి పూతనే చీల్చుకుని పోవచ్చు. పిడకతో పాటు నా చెయ్యి కూడా ఉండొచ్చన్నమాట ఆ చావులో.

మొదటి రోజు ఇరవయ్యో నిమిషం దగ్గర పడుతుంటే టెన్షనే. చేతులు గడ్డి కోస్తున్నాయి కానీ మనసంతా ఇంజన్ చప్పుడు మీదే ఉంది. ఇరవై దాటింది, ముప్పై దాటింది, ట్యాంకులో పెట్రోలు అయిపోయి ఆగింది. వెంటనే మళ్లీ నింపి లాగితే రెండో లాగుకి అందుకుంది, వేడి మీదే. ఇప్పటికి ముప్పై గంటల పని చేసి ఉంటుంది, ఒక్కసారి కూడా మధ్యలో ఆగలేదు. మండే ఎండలో వరసగా రెండు ట్యాంకులు లాగించి స్పేర్ ప్లగ్గుతో చూశాను, స్పార్క్ నీలంగానే ఉంది. ఈ మిషన్‌కి మళ్లీ కావాలంటే ఇదే కొంటాను, క్యాప్ మాత్రం వేరేది దగ్గర పెట్టుకుని.

మొన్న నా చిన్న హెడ్జ్ ట్రిమ్మర్ కూడా ఇదే పాట ఎత్తుకుంది, పావుగంటకోసారి ఆగడం. దానికీ కాయిల్ వెతకబోయి, ముందు జేబులో ప్లగ్గుతో చూశాను. స్పార్క్ బ్రహ్మాండంగా ఉంది. ఆలోచించి ట్యాంకు మూత తిప్పాను, బుస్సుమంటూ గాలి లోపలికి పీల్చుకుంది. మూతలో గాలి వెళ్లే సన్న బెజ్జం మట్టితో మూసుకుపోయింది, అందుకే పెట్రోలు కదలడం లేదు. నలభై నిమిషాలు ఆగకుండానే, వేడి మీదే స్టార్ట్ అయింది. సూదితో ఆ బెజ్జం పొడిచి మూత పెట్టాను.