1099 మీద పనిచేసేవాళ్లూ, సంతకం పెట్టని ట్యాక్స్ ప్రిపేరర్‌తో జాగ్రత్త

అమెరికాలో 1099 మీద, అంటే ఉద్యోగిగా కాకుండా కాంట్రాక్టర్‌గా పనిచేసే మనవాళ్లు, ముఖ్యంగా హెచ్4 ఈఏడీతో (హెచ్1బీ వాళ్ల భార్య/భర్తకు వచ్చే వర్క్ పర్మిట్) ఇంట్లోంచి పని చేసుకుంటున్నవాళ్లు, ట్యాక్స్ పేపర్లు ఎవరి చేతిలోనైనా పెట్టే ముందు ఇది చదవండి.

మేం ఉండేది డాలస్ దగ్గర. మా ఆయనది డబ్ల్యూ2 ఉద్యోగం (జీతంలోంచే పన్ను పట్టుకుంటారు), నేను 2023లో ఒక కంపెనీకి కాంట్రాక్టర్‌గా టెస్టింగ్ చేశాను. జనవరిలో 41,000 డాలర్లకు 1099-ఎన్ఈసీ (కాంట్రాక్టర్‌కి ఎంత ఇచ్చారో చూపే ఫారం) వచ్చింది. 1099లో పన్ను ఎవరూ పట్టుకోరు కాబట్టి ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, జనవరి వాయిదాల్లో మేమే ఎస్టిమేటెడ్ ట్యాక్స్ కట్టేశాం, ఫారాలు సరిగ్గా నింపేవాళ్లు దొరికితే చాలనుకున్నాం. అప్పుడే వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో ఒకాయన నంబర్ పెట్టారు, మన తెలుగాయనే, రిఫండ్ బాగా తెప్పిస్తాడు అని. ఫీజు 150 డాలర్లు, దాని మీద రిఫండ్‌లో 10 శాతం. శాతం అడిగిన రోజే వద్దనాల్సింది, అలాంటివాళ్ల దగ్గరికి వెళ్లొద్దని అమెరికా పన్ను శాఖ ఐఆర్ఎస్ కూడా చెబుతూనే ఉంటుంది.

దాదాపు 5,000 రిఫండ్ వచ్చింది. సంతోషించాం, రిటర్న్ తెరిచి చూడలేదు. ఏడాది దాటాక ఐఆర్ఎస్ నుంచి ఉత్తరం, మైలేజ్ లాగ్, రసీదులు పంపమని. ఏ మైలేజ్ అని షెడ్యూల్ సీ (సొంత పని ఆదాయం, ఖర్చులు రాసే ఫారం) తీసి చూస్తే నేను పని కోసం 18,000 మైళ్లు కారు నడిపానని రాసి ఉంది! మైలుకి 65.5 సెంట్ల లెక్కన 11,790 డాలర్ల ఖర్చు, అది కాక సప్లైస్ అని ఇంకో 4,200. మాకున్నది ఒక్క కారు, అది రోజూ మా ఆయనతో ఆఫీసుకు వెళ్తుంది.

ఆ ప్రిపేరర్‌కి ఫోన్ చేస్తే ముందు ఏం కాదు, జవాబు ఇవ్వకండి అన్నాడు, తర్వాత ఎత్తడం మానేశాడు. 1040 (అసలు ట్యాక్స్ రిటర్న్ ఫారం) రెండో పేజీ అడుగున పెయిడ్ ప్రిపేరర్ పేరు, పీటిన్ నంబర్ (ప్రిపేరర్లకు ఐఆర్ఎస్ ఇచ్చే నంబర్), సంతకం ఉండాలి. మాది ఖాళీ. డబ్బు తీసుకుని చేసేవాళ్లు అక్కడ సంతకం పెట్టడం చట్టం. ఈ-ఫైల్ చేసే ముందు 8879 అనే అనుమతి ఫారం మీద మన సంతకం కూడా తీసుకోవాలి, మమ్మల్ని అదీ అడగలేదు. అంటే మేమే సొంతంగా నింపి పంపినట్టు రికార్డులో పడింది, జవాబుదారీ అంతా మాదే అయింది.

చివరికి ఒక ఎన్‌రోల్డ్ ఏజెంట్‌ని (ఐఆర్ఎస్ లైసెన్సున్న ట్యాక్స్ నిపుణులు) పట్టుకుని జవాబు పంపాం. వచ్చిన రిఫండ్ దాదాపు మొత్తం వెనక్కి, దాని మీద 20 శాతం పెనాల్టీ, వడ్డీ, ఇప్పుడు నెలనెలా వాయిదాల్లో కడుతున్నాం. గ్రీన్ కార్డ్ ప్రాసెస్ నడుస్తుండగా ఇలాంటి ఉత్తరం వస్తే ఇంట్లో ఎంత టెన్షన్ ఉంటుందో మీకు తెలుసు. ఆ ప్రిపేరర్ మీద ఐఆర్ఎస్‌కి 14157 అనే ఫిర్యాదు ఫారం పెట్టాం.

ఎవరితో చేయించుకున్నా షెడ్యూల్ సీలో ప్రతి లైనూ చదివాకే సరే అనండి, మీరు చేయని ఖర్చు ఒక్కటి కనిపించినా ఆపేయండి. సీపీఏలు, ఎన్‌రోల్డ్ ఏజెంట్ల పేర్లు ఐఆర్ఎస్ సైట్‌లోని డైరెక్టరీలో వెతకొచ్చు. ఇలాంటి గ్రూప్ నంబర్లతో ఇప్పటికే ఫైల్ చేసినవాళ్లు ఈ రాత్రే ఆ రెండో పేజీ, షెడ్యూల్ సీ చూడండి. తప్పు ఉంటే, ఐఆర్ఎస్ మిమ్మల్ని అడగకముందే 1040-ఎక్స్ (సవరించిన రిటర్న్) వేసి పన్ను కట్టేస్తే, సాధారణంగా ఆ 20 శాతం పెనాల్టీ పడదు. మాకు ఆ సంగతి ఉత్తరం వచ్చాక తెలిసింది.