ఆన్‌లైన్‌లో అపార్ట్‌మెంట్ కమిటీ: ఐదేళ్ల వాడకం తర్వాత

విశాఖ సీతమ్మధారలో మాది 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఏడుగురు సభ్యుల కమిటీకి నేను 2019 నుంచి కార్యదర్శిని. 2020 ఏప్రిల్ తర్వాత మా కమిటీ మీటింగుల్లో ఎక్కువ భాగం ఆన్‌లైన్‌లోనే జరిగాయి. వాట్సాప్ కాల్, జూమ్, గూగుల్ మీట్, జిట్సీ అన్నీ వాడాం. కొన్ని వదిలేశాం, కమిటీ మీటింగులకు రెండు మిగిలాయి. ఏది పెట్టుకుంటే మంచిదని ఎంవీపీ కాలనీలోనూ మధురవాడలోనూ ఉన్న మా బంధువులు అడుగుతుంటారు. వాళ్ళకు ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పినదంతా ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందు మా మనుషుల గురించి చెప్పాలి. మా దగ్గర ఎవరి ప్రస్తావన వచ్చినా ఫ్లాట్ నంబరుతోనే. 302 బాబాయి గారు స్టీల్‌ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. 501 మర్చంట్ నేవీలో ఇంజనీరు, ఏడాదిలో సగం ఓడ మీదే ఉంటాడు. 403 అక్క ప్రతి ఏటా కొన్ని నెలలు డల్లాస్‌లో కూతురి దగ్గర గడుపుతారు. 204 పిన్ని గారు కమిటీలో ఉన్నా, 2020కి ముందు ఒక్క మీటింగులోనూ ఆవిడ గొంతు నేను వినలేదు. అప్పట్లో సెల్లార్‌లో కార్ల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని రాత్రి తొమ్మిదింటికి కూర్చునేవాళ్ళం. వంట, వడ్డన అయ్యేసరికి ఆవిడకు పదయ్యేది. మీటింగు నిర్ణయాలు రాసే మినిట్స్ పుస్తకం మర్నాడు ఇంటికి వెళ్తే సంతకం పెట్టేవారు.

లాక్‌డౌన్ మొదలైన రెండో వారంలో మా బోరు మోటారు కాలిపోయింది. 48 ఇళ్ళకు నీళ్ళు లేవు. కొత్త మోటారుకు డబ్బు తీయాలంటే కమిటీ ఒప్పుకోవాలి. వాట్సాప్ గ్రూప్ కాల్‌లో అప్పటికి నలుగురికే చోటు ఉండేది, ఎనిమిది మందికి పెంచింది ఏప్రిల్ నెలాఖరులో. అందుకని ముగ్గురితో ఒకసారి, మరో ముగ్గురితో ఒకసారి మాట్లాడి, వీళ్ళ మాట వాళ్ళకూ వాళ్ళ మాట వీళ్ళకూ మోశాను. మోటారు వచ్చింది కానీ, ఒకరి మాట ఇంకొకరికి నా నోటి ద్వారా చేరడం నాకు నచ్చలేదు. ఎంత జాగ్రత్తగా చెప్పినా నా అభిప్రాయం అందులో కలుస్తుంది. ఆ వారమే జూమ్ పెట్టుకున్నాం.

జూమ్ ఉచిత ఖాతాలో 40 నిమిషాలే. అది చాలదని అందరూ అంటారు, నేను మాత్రం ఆ గడువు వల్ల బాగుపడ్డాం అంటాను. సెల్లార్‌లో రెండు గంటలు నడిచిన మీటింగులో నిర్ణయం అయ్యేది ఒక్కటే. 40 నిమిషాలకు మూడు అంశాలకు మించి అజెండాలో పెట్టకూడదని నియమం చేసుకున్నాం. ముందురోజు సాయంత్రమే అజెండా, కొటేషన్ల ఫొటోలు గ్రూపులో పెట్టేస్తాను. మీటింగులో వాటిని చదవడం ఉండదు, చర్చ మాత్రమే.

2020 ఏప్రిల్ 16న కేంద్ర హోంశాఖ జూమ్ సురక్షితం కాదని హెచ్చరిక ఇచ్చింది. ప్రభుత్వ అధికారులు ఆఫీసు పనులకు వాడొద్దని, మామూలు జనం వాడితే ఈ జాగ్రత్తలు తీసుకోవాలని అందులో ఉంది. 302 బాబాయి గారు దాన్ని పేపర్లో చదివి నాకు ఫోన్ చేశారు. పాస్‌వర్డ్, వెయిటింగ్ రూమ్, అందరూ వచ్చాక మీటింగు లాక్ చేయడం, స్క్రీన్ షేర్ హోస్ట్‌కే ఉంచడం: ఆ జాబితాలోని ఈ నాలుగూ మేం ఇప్పటికీ పాటిస్తాం. లింకు గ్రూపులో పెట్టాక ఎవరు ఎవరికి పంపుతారో మన చేతుల్లో ఉండదు. వెయిటింగ్ రూమ్ ఉంటే తలుపు దగ్గర మనిషిని నిలబెట్టినట్టే.

ఇక అసలు సంగతికి వస్తాను. 2021 జూన్‌లో బిల్డింగ్ రిపేర్లు, రంగుల మీద మీటింగు. మా ఊళ్ళో ఉప్పుగాలికి గ్రిల్స్ తుప్పు పట్టడం, పిల్లర్ల పెచ్చులూడి లోపలి ఇనుప చువ్వలు కనబడటం మామూలే. రెండు కొటేషన్లు వచ్చాయి. ఒకటి పెచ్చులకు సిమెంటు పూసి రంగు వేయడం, చవక. ఇంకొకటి చువ్వల మీది తుప్పు గీకి, మందు పూసి, ఆ తర్వాత సిమెంటు, రంగు. చర్చ అయింది. "ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. స్క్రీన్ మీద బాబాయి గారి ముఖం కదలకుండా మా వైపే చూస్తోంది. శ్రద్ధగా వింటున్నారనుకున్నాను. మౌనం అర్ధాంగీకారం అని పెద్దలు చెప్పిన మాటే కదా. చవక కొటేషన్ ఏకగ్రీవంగా ఆమోదించినట్టు రాసేశాను.

మర్నాడు పొద్దున్నే ఆయన కాగితాలు పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డారు. "నేనెప్పుడు ఒప్పుకున్నానమ్మా? రాసేసారేటి?" అన్నారు. ఆయన నెట్ పోయింది. ఆ సంగతి ఆయనకు తెలియక, తుప్పు గీకకుండా పైపైన పూస్తే రెండేళ్ళలో మళ్ళీ పెచ్చులూడతాయని చాలాసేపు ఒక్కరే మాట్లాడుతూ ఉండిపోయారు. మాకు కనబడింది ఆగిపోయిన బొమ్మ. జీవితమంతా ఇనుముతో పనిచేసిన మనిషి చెప్పిన మాట ఒక్కటీ మాకు చేరలేదు, చేరకపోగా ఒప్పుకున్నారని రాశాను. నాకు చాలా బాధేసింది. వారంలోపు మళ్ళీ మీటింగు పెట్టాం. ఆయన వివరంగా చెప్పాక రెండో కొటేషన్‌కే అందరూ మొగ్గారు.

ఎదురెదురుగా కూర్చున్నప్పుడు మౌనానికి అర్థం ఉంటుంది. ముఖం చూస్తే ఒప్పుకున్నారో, అలిగారో, చెప్పలేక ఊరుకున్నారో తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో మౌనం అంటే నెట్ పోయి ఉండొచ్చు, మ్యూట్ తీయడం మరచిపోయి ఉండొచ్చు, ఫోన్ పక్కన పెట్టి పాలు దించడానికి వెళ్ళి ఉండొచ్చు. అందుకే ఆ రోజు నుంచి "అభ్యంతరం ఉందా" అని నేను అడగను. ఒక్కొక్కరినీ నంబరుతో పిలిచి, సరేనా కాదా అని వాళ్ళ నోట వినే రాస్తాను. జవాబు రాకపోతే 'హాజరు లేరు' అని రాస్తాను. ఏడుగురికీ కలిపి రెండు నిమిషాలు పడుతుంది. ఏ టూల్ అయినా దీన్ని బట్టే తూచడం అలవాటైంది నాకు: అవతలి మనిషి ఉన్నారో లేరో, ఏం చెప్పారో అది నాకు ఎంత సరిగ్గా చూపిస్తుంది?

ఆ తూకంలో జూమ్ ముందుంటుంది. చెయ్యి ఎత్తే బటన్ నొక్కితే ఎవరు ముందు ఎత్తారో వరసగా కనబడుతుంది. పేరు అప్పటికప్పుడు మార్చుకోవచ్చు కాబట్టి అందరి పేర్లూ ఫ్లాట్ నంబర్లుగా పెట్టేస్తాను. ఇది చిన్న విషయం కాదు. గూగుల్ మీట్‌లో జీమెయిల్ ఖాతాలో ఉన్న పేరే వస్తుంది. బామ్మ గారు మనవడి ఫోన్‌తో వస్తే మనవడి పేరు కనబడుతుంది, ఓటు ఎవరి ఖాతాలో వేయాలో తెలియక ఇబ్బంది.

మీట్ సుఖం వేరు. ఫోన్‌లో జీమెయిల్ ఎలాగూ ఉంటుంది, లింకు నొక్కితే చాలు. 2020 మేలో అందరికీ ఉచితంగా తెరిచారు. 2021 జూన్ దాకా గంట గడువు కూడా అమలు కాలేదు. ఇప్పుడు ముగ్గురూ అంతకంటే ఎక్కువ మందీ ఉంటే ఉచిత ఖాతాకు 60 నిమిషాలు. క్యాలెండర్‌తో కలిసి పనిచేయడం 403 అక్క వల్ల నాకు అర్థమైంది. మాకు సాయంత్రం ఏడైతే వేసవిలో ఆవిడకు పొద్దున ఎనిమిదిన్నర, నవంబరులో అక్కడ గడియారాలు వెనక్కి తిప్పాక ఏడున్నర. వాట్సాప్‌లో టైము రాసి పంపినప్పుడు రెండుసార్లు పొరపాటు పడ్డాం. క్యాలెండర్ ఆహ్వానం పంపితే ఆవిడ ఫోన్‌లో ఆవిడ టైమే చూపిస్తుంది.

జిట్సీ 2023 దాకా నాకు ఇష్టంగా ఉండేది. ఖాతా అక్కర్లేదు, లింకు ఉంటే లోపలికి వచ్చేయొచ్చు. ఆ ఏడాది ఆగస్టు నుంచి వాళ్ళ సొంత సైట్‌లో మీటింగు మొదలుపెట్టేవాళ్ళు లాగిన్ కావాలన్నారు. ఇద్దరు ముగ్గురు కూర్చుని లెక్కలు చూసుకోవడానికి ఇప్పటికీ పనికొస్తుంది.

చాట్‌ను మాత్రం నమ్ముకోవద్దు. ఓడ మీద నుంచి 501 మాట సరిగ్గా రాదు కనుక అతను చాట్‌లో రాస్తాడు. ఆలస్యంగా వచ్చినవాళ్ళకు ముందు రాసినవి కనబడకపోవచ్చు. అందుకే అతను రాసింది నేను గట్టిగా చదివి మినిట్స్‌లో ఎక్కిస్తాను.

రికార్డింగు గురించి చాలామంది అడుగుతారు. జూమ్ ఉచిత ఖాతాలో కంప్యూటర్ మీద చేసుకోవచ్చు, ఫోన్‌లో కుదరదు. మీట్ ఉచిత ఖాతాలో ఆ సదుపాయమే లేదు. మేం కొన్నాళ్ళు చేసి ఆపేశాం. రికార్డింగు అనగానే 204 పిన్ని గారు మాట్లాడటం మానేశారు. దానికి బదులు మినిట్స్ స్క్రీన్ షేర్ చేసి అందరూ చూస్తుండగానే తెలుగులో టైప్ చేస్తాను. "ఆ మాట కాదు, నేనన్నది ఇది" అని అక్కడికక్కడే దిద్దుతారు. ఇన్నేళ్ళలో మేం నేర్చుకున్న వాటిలో దీనికి మించింది లేదు. రిపేర్ల గొడవలాంటిది మళ్ళీ రాలేదు.

శబ్దం విషయానికొస్తే, మే నెల ఉక్కపోతలో ఫ్యాన్ ఆపమని ఎవరినీ అడగలేం. వైరున్న ఇయర్‌ఫోన్ పెట్టుకోమంటాను, మాట నోటి దగ్గర నుంచి వస్తుంది. ఒకే గదిలో భార్యాభర్తలు రెండు ఫోన్లతో చేరితే గుయ్యిమని మోత. ఒకరు పక్క గదిలోకి వెళ్ళాలి, అంతే.

సర్వసభ్య సమావేశం ఉన్న నెలకు జూమ్ చందా కడతాం. 40 నిమిషాల గడువు ఉండదు, నాతోపాటు ఇంకొకరిని కో-హోస్ట్‌గా పెట్టుకోవచ్చు, పోల్ పెట్టవచ్చు. సెల్లార్ రోజుల్లో 17 ఫ్లాట్ల వాళ్ళు వస్తే గొప్ప. ఆన్‌లైన్‌లో 31 ఫ్లాట్ల వాళ్ళు చేరారు. అయితే పోల్‌తో ఒక చిక్కు: ఒకే ఫ్లాట్ నుంచి రెండు ఫోన్లు ఉంటే రెండు ఓట్లు పడతాయి. పోల్‌ను మొగ్గు తెలుసుకోవడానికే వాడి, అసలు ఓటు నంబరు పిలిచే తీసుకుంటాం.

చట్టం సంగతి కూడా చూసుకోవాలి. 2020 ఏప్రిల్‌లో కేంద్రం ఆన్‌లైన్ సభలకు వీలిచ్చింది కంపెనీలకు. మాది 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘం. అందుకని మా బైలాస్‌లో, అంటే సంఘం నియమావళిలో, ఆన్‌లైన్ హాజరు గురించి నిబంధన చేర్చాం, ఆ తీర్మానం మాత్రం అందరం ఒకచోట కూర్చునే చేశాం. ఆన్‌లైన్ నిర్ణయాలన్నీ ప్రింటు తీసి మినిట్స్ పుస్తకంలో అంటించి సంతకాలు తీసుకుంటాను.

సగం మంది హాల్లో, సగం మంది ఫోన్లో ఉండే మీటింగు వీలైతే పెట్టకండి. హాల్లో కూర్చున్నవాళ్ళు టీ తాగుతూ తమలో తాము మాట్లాడేసుకుంటారు, టేబుల్ మీద ఫోన్లో ఉన్న మనిషి గుర్తురాదు. తప్పనిసరైతే ఒకరిని ఫోన్ పక్కనే కూర్చోబెడతాం. అవతలివాళ్ళు మాట్లాడబోతే చెయ్యి ఎత్తడమే ఆ మనిషి పని. పార్కింగ్ తగాదాలు మాత్రం ఆన్‌లైన్‌లో తేలవు. 103కీ 402కీ మధ్య గొడవ మూడు మీటింగుల్లో పెరిగి, చివరికి మా ఇంట్లో ఎదురెదురుగా కూర్చోబెడితే సద్దుమణిగింది.

కరెంటు పోతే రౌటర్ ఆగకుండా చిన్న యూపీఎస్ పెట్టించాను. దానికీ ఒక హద్దుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. తుపాను హెచ్చరిక వస్తే జనరేటర్ డీజిలు, నీళ్ళ నిల్వ ఎవరు చూడాలో ముందే ఆన్‌లైన్‌లో తేల్చి, ఆ కాగితం వాచ్‌మన్ గదిలో అంటిస్తాం.

204 పిన్ని గారు ఇప్పుడు మా కోశాధికారి. వంటింట్లో ఫోన్ నిలబెట్టుకునే మొదలుపెట్టారు. ట్యాంకర్ బిల్లుల్లో ఒకే రోజు రెండుసార్లు వేసిన ఖర్చు పట్టుకున్నది ఆవిడే. మొన్నటి మీటింగులో లిఫ్ట్ కాంట్రాక్టు పొడిగింపుకు నంబర్లు పిలుస్తూ 302 దగ్గరికి వచ్చాను. ఒక క్షణం ఏమీ వినిపించలేదు. మళ్ళీ పిలిచాను.

"వినబడుతోందమ్మా. నాకిష్టం లేదు, అలాగే రాయి."

అలాగే రాశాను.