నడిసంద్రంలో ప్రాణం మీదికొస్తే ఏది మేలు: ఓడలోనే వైద్యమా, హెలికాప్టరా, రేవుకు మళ్లింపా?

ఆస్ట్రేలియాలో కోకింగ్ బొగ్గు ఎత్తుకుని గంగవరం రేవుకు వస్తున్న బల్క్ క్యారియర్ (బొగ్గు, ఖనిజం వంటి విడి సరుకు మోసే ఓడ) ఒకటి సుమత్రా ఉత్తర కొన దాటి బంగాళాఖాతంలోకి ప్రవేశించిందనుకుందాం. ఆ రాత్రి డెక్ మీద పనిచేసే కుర్రవాడికి బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. తెల్లవారేసరికి అది పొత్తికడుపు కుడివైపుకు దిగింది. ఒళ్లు వెచ్చబడింది, రెండుసార్లు వాంతి అయింది, పొద్దున టిఫిన్ ముట్టుకోలేదు. అపెండిసైటిస్ కావచ్చునని సెకండ్ ఆఫీసర్‌కు అనుమానం. గంగవరం ఇంకా సుమారు 1,000 నాటికల్ మైళ్ల దూరంలో ఉంది, అంటే మూడు రోజులకు పైగా ప్రయాణం. ఓడలో ఇరవై రెండు మంది ఉన్నారు గాని వారిలో డాక్టరు లేరు. కెప్టెన్ ముందు మూడు దారులున్నాయి: దూరం నుంచి డాక్టరు చెప్పే సలహాతో ఓడలోనే వైద్యం చేస్తూ గంగవరం దాకా రావడం, కోస్ట్‌గార్డ్ హెలికాప్టర్‌ను పిలిపించి రోగిని తీసుకెళ్లమనడం, ఓడను మళ్లించి ఆసుపత్రి ఉన్న దగ్గరి రేవుకు చేర్చడం. ఏది మేలన్నది జబ్బును బట్టి, దూరాన్ని బట్టి మారుతుంది. కానీ మొదట ఏం చేయాలన్న విషయంలో మాత్రం నాకు స్పష్టమైన అభిప్రాయం ఉంది.

ఇంత పెద్ద ఓడలో డాక్టరు ఎందుకు లేరని ఒడ్డున ఉన్నవారికి అనిపించడం సహజం. 2013 ఆగస్టు 20న అమలులోకి వచ్చిన, నావికుల హక్కులను కాపాడే అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారం, వంద మంది లేదా అంతకంటే ఎక్కువ మంది ఉండి, మూడు రోజులకు మించిన అంతర్జాతీయ ప్రయాణాలు చేసే ఓడల్లోనే డాక్టరు తప్పనిసరి. ప్రయాణికుల ఓడలకు ఈ నియమం వర్తిస్తుంది. ఇరవై పాతిక మందితో నడిచే సరుకు ఓడలకు వర్తించదు. అక్కడ వైద్య శిక్షణ పొందిన ఒక అధికారి, ఎక్కువగా సెకండ్ ఆఫీసర్, ఓడ నడిపే తన వంతు పనితో (నావిగేషన్ వాచ్) పాటు రోగుల బాధ్యతను కూడా మోస్తాడు. పదిహేను మంది లేదా అంతకు మించి సిబ్బంది ఉండి మూడు రోజులకు పైగా ప్రయాణించే ఓడలో విడిగా ఒక ఆసుపత్రి గది ఉండాలి. మందుల బీరువాలో ఆక్సిజన్, సెలైన్, ఇంజెక్షన్ రూపంలో యాంటీబయాటిక్స్, గుండెనొప్పికి ఆస్పిరిన్, నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలు, మలేరియా మందులు, కెప్టెన్ తాళం కింద మార్ఫిన్ ఉంటాయి. వీటిని ఎలా వాడాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 1967లో మొదట ప్రచురించి, 2007లో మూడో కూర్పుగా సవరించిన ఓడల వైద్య మార్గదర్శిని చెబుతుంది. సామగ్రి తక్కువేమీ కాదు. కొరత ఉన్నది వాడే చేతికి అలవాటులో: శిక్షణ కేంద్రంలో బొమ్మ చేతికి సూది గుచ్చి నేర్చుకున్న అధికారి, ఒళ్లెండిపోయి నరం దొరకని రోగికి, ఊగుతున్న గదిలో సెలైన్ ఎక్కించాల్సి వస్తుంది.

అతనికి తోడుగా ఉండేది ఒడ్డున ఉన్న డాక్టరు గొంతు. ఈ ఏర్పాటు శాటిలైట్ల కంటే ఎంతో పాతది. 1935లో రోమ్‌లో గ్విడో గ్విడా అనే వైద్యుడు నెలకొల్పిన అంతర్జాతీయ రేడియో వైద్య కేంద్రానికి రేడియో పితామహుడు మార్కోనీయే తొలి అధ్యక్షుడు. ఆ కేంద్రం నేటికీ ఏ దేశపు ఓడకైనా రుసుము లేకుండా సలహా ఇస్తోంది. భాష రాని చోట కూడా పని జరగాలని అంతర్జాతీయ సంకేత గ్రంథంలో ‘ఎం’ అక్షరంతో మొదలయ్యే వైద్య సంకేతాలను పొందుపరిచారు. ‘ఎంఏఏ’ అని పంపితే అత్యవసర వైద్య సలహా కావాలని అర్థం. ఇప్పుడు ఇన్మార్‌శాట్ శాటిలైట్ ఫోన్ టెర్మినల్‌పై 32 నొక్కితే వైద్య సలహా, 38 నొక్కితే వైద్య సహాయం, అంటే రోగిని ఓడ నుంచి తరలించే ఏర్పాటు, దొరుకుతాయి. ఈ రెండు అంకెల మధ్య తేడాను ప్రతి డెక్ ఆఫీసర్ గుర్తుపెట్టుకోవాలి. నా దృష్టిలో 32 నొక్కడానికి ఎప్పుడూ తొందరపాటు అనేది లేదు.

ఆ ఫోన్‌లో జరిగేది చూస్తే ఓడలో వైద్యానికి ఉన్న బలమూ పరిమితీ రెండూ తెలుస్తాయి. డాక్టరు ముందుగా నాడి, రక్తపోటు, జ్వరం, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడు, ఆక్సిజన్ శాతం అడుగుతారు. తర్వాత కడుపు కుడివైపు కింద వేళ్లతో మెల్లగా లోపలికి నొక్కి, ఒక్కసారిగా చేయి తీసేయమంటారు. నొక్కినప్పటి కంటే తీసినప్పుడు నొప్పి ఎక్కువైందా, కడుపు చెక్కలా బిగిసిందా అని అడుగుతారు. నోటి ద్వారా ఏమీ ఇవ్వవద్దని, సెలైన్ పెట్టి రక్తనాళం ద్వారా యాంటీబయాటిక్ ఇవ్వమని, గంటకోసారి అన్ని కొలతలూ రాసి పంపమని చెప్పవచ్చు. అపెండిసైటిస్ మొదటి దశలో చాలామందిని యాంటీబయాటిక్స్ కొన్ని రోజులు నిలబెట్టగలవు. ఇది నావికులకు పెద్ద వరం. కానీ అపెండిక్స్ చిట్లిందో లేదో చెప్పే స్కానింగ్ ఓడలో లేదు. చిట్లితే శస్త్రచికిత్స చేసే వారూ లేరు. 1942 సెప్టెంబరులో అమెరికా జలాంతర్గామి సీడ్రాగన్‌లో వీలర్ లిప్స్ అనే ఫార్మసిస్ట్ సహాయకుడు వంటగది చెంచాలను వంచి, టీ వడకట్టే జల్లెడను ఈథర్ మాస్కుగా చేసి అపెండిక్స్ తొలగించాడు. ఆ నావికుడు బతికాడు. అది శత్రుజలాల్లో, పైకి తేలే అవకాశం లేని చోట చేసిన సాహసం. మామూలు వాణిజ్య ఓడ ఆ స్థితికి రానే రాకూడదు.

కాబట్టి ఓడలోనే వైద్యం సరిపోయే జబ్బులేవో, అది కేవలం సమయాన్ని కొనిపెట్టే జబ్బులేవో వేరుచేసి చూడాలి. కుట్లు వేయదగిన గాయం, ఎముక పక్కకు జరగకుండా విరగడం, పంటి చీము, మూత్రపిండాల రాయి, ఇంజిన్ రూమ్ వేడికి సొమ్మసిల్లడం వంటివి ఫోన్ సలహాతో అక్కడే నయం చేయవచ్చు. పశ్చిమ ఆఫ్రికా రేవులను విడిచిన వారం పదిరోజులకు వచ్చే జ్వరానికైతే ఓడలోనే వెంటనే పరీక్ష కిట్ వాడి, మలేరియా మందు మొదలుపెట్టడం ప్రాణాలు నిలుపుతుంది. రేవు చేరేదాకా ఆగడమే అక్కడ ప్రమాదం. గుండెపోటు, పక్షవాతం, తలకు బలమైన దెబ్బ, లోపలి రక్తస్రావం, పెద్ద కాలిన గాయాలు, చిట్లే సూచనలున్న అపెండిక్స్ రెండో కోవలోవి.

ఇక హెలికాప్టర్. ఇంట్లోవాళ్లకు కబురు అందగానే వారు మొదట అడిగేది దీని గురించే, అందులో తప్పేమీ లేదు. గంటల్లో ఆపరేషన్ టేబుల్ మీదికి చేర్చగల సాధనం ఇంకొకటి లేదు. కానీ పరిధి చూడండి. అమెరికా కోస్ట్‌గార్డ్ వాడే జేహాక్ వంటి పెద్ద హెలికాప్టర్ 300 నాటికల్ మైళ్లు వెళ్లి, ముప్పావు గంట అక్కడ ఉండి, తిరిగి రాగలదు. చాలా దేశాల తీరరక్షక దళాల దగ్గరుండే చిన్న హెలికాప్టర్లకు అంత పరిధి ఉండదు. 13 నాట్ల (గంటకు 13 నాటికల్ మైళ్ల) వేగంతో నడిచే బల్క్ క్యారియర్ ఒక రోజులో ప్రయాణించేది కూడా దాదాపు 310 మైళ్లే. అంటే, తీరానికి ఒక రోజు ప్రయాణం కంటే దూరంలో ఉన్న ఓడకు అతి పెద్ద హెలికాప్టర్ కూడా అందదు. అందాలంటే ఓడే ముందు తీరం వైపు తిరగాలి. హెలికాప్టర్‌ను మళ్లింపుకు బదులుగా ఎంచుకోవచ్చని అనుకోవడంలో ఉన్న పొరపాటు ఇక్కడే ఉంది. నడిసముద్రంలో మళ్లింపు లేనిదే హెలికాప్టర్ లేదు.

అందిన తర్వాత కూడా అది తేలికైన పని కాదు. హ్యాండీమ్యాక్స్ తరహా (మధ్యరకం పరిమాణపు) బల్క్ క్యారియర్ డెక్‌పై నాలుగు క్రేన్లు నిలబడి ఉంటాయి. హెలికాప్టర్ దిగడం అసాధ్యం, పైన గాలిలో నిలిచి ఉక్కుతాడుతో రోగిని ఎత్తాలి. పైలట్ కోరిన దిశలో, కోరిన వేగంలో ఓడను నిలకడగా నడపాలి. డెక్ మీద టార్పాలిన్ ముక్క, తాడు, టోపీ ఏదీ వదులుగా ఉండకూడదు. పంపులు నడుస్తూ మంటలార్పే గొట్టాలు సిద్ధంగా ఉండాలి. కిందికి దిగే కొక్కేన్ని డెక్‌కు తాకేదాకా ఎవరూ ముట్టుకోకూడదు, ఎందుకంటే రోటర్ల వల్ల పేరుకున్న స్థిర విద్యుత్ మనిషిని విసిరి కొట్టగలదు. ఆ తాడును ఓడలో దేనికీ కట్టకూడదు. రోగికి లైఫ్‌జాకెట్ తొడిగి, స్ట్రెచర్‌కు బిగించి, పాస్‌పోర్టు, సీడీసీ (నావికుడి గుర్తింపు పుస్తకం), ఇచ్చిన మందుల వివరాలు, గంటగంటకూ రాసిన కొలతల కాగితం ప్లాస్టిక్ సంచిలో పెట్టి అతని ఒంటికే కట్టాలి. రాత్రివేళ, గాలివానలో, ఊగే ఓడ మీద ఈ పని చేయడం రోగికి, హెలికాప్టర్ సిబ్బందికి, డెక్ మీదివారికి ముప్పుతో కూడుకున్నదే. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవారికి, లోతు నుంచి వేగంగా పైకొచ్చిన డైవర్లకు ఎత్తుకు వెళ్లడమే హాని చేయవచ్చు. అందుకే హెలికాప్టర్ పంపాలా వద్దా అన్నది డాక్టరు, రక్షణ సమన్వయ కేంద్రం కలిసి నిర్ణయిస్తారు. ఎత్తాలా వద్దా అన్న చివరి మాట పైలట్‌ది. తలకు దెబ్బ తగిలి స్పృహ తగ్గుతున్నవారు, ఆగని రక్తస్రావం ఉన్నవారు పరిధిలో ఉంటే, ఆ ముప్పును స్వీకరించడమే న్యాయం. ఇంకో రోజు నిలకడగా ఉండగల రోగికి కాదు.

మళ్లింపు విషయానికి వస్తే, అందరూ వెనకాడేది దానికే. దారి తప్పితే ఇంధనం, సమయం, సరుకు ఇచ్చే తేదీ అన్నీ దెబ్బతింటాయి. చార్టర్ ఒప్పందాన్ని (ఓడను అద్దెకిచ్చిన ఒప్పందం) బట్టి ఆ కాలాన్ని అద్దె రాని కాలంగా లెక్కించే అవకాశం ఉంది. ఈ లెక్కలు కెప్టెన్ మనసును ఒత్తుతాయి. కానీ చట్టం అతని వైపే ఉంది. సముద్రంలో ప్రాణరక్షణకు అవసరమని కెప్టెన్ వృత్తిపరంగా భావించిన నిర్ణయాన్ని యజమాని గాని, ఓడను అద్దెకు తీసుకున్న చార్టరర్ గాని అడ్డుకోరాదని సోలాస్ అనే అంతర్జాతీయ ఓడల భద్రతా ఒప్పందం ఐదో అధ్యాయంలోని 34-1 నిబంధన చెబుతోంది. ప్రాణం కాపాడటానికి దారి మళ్లడాన్ని రవాణా ఒప్పంద ఉల్లంఘనగా పరిగణించరాదని సముద్ర సరుకు రవాణాకు సంబంధించిన హేగ్-విస్బీ నియమాలు అంటున్నాయి. రోగిని దించడానికి అయిన అదనపు ఇంధనం, రేవు రుసుముల వంటి ఖర్చులను యజమానుల పీ అండ్ ఐ బీమా (ఓడ వల్ల వచ్చే బాధ్యతలకు చేసే బీమా) సాధారణంగా భరిస్తుంది.

మళ్లింపులో జరిగే అసలు తప్పు రేవు ఎంపికలో ఉంటుంది. దగ్గరి రేవు అంటే పటంలో దగ్గరిది కాదు. సర్జన్, రక్తం, స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి తక్కువ గంటల్లో చేర్చేది. మన ఓడకు ఎదురుగా సుమారు 400 మైళ్ల దూరంలో పోర్ట్ బ్లెయిర్ ఉంది. 2024లో దాని పేరు శ్రీ విజయపురంగా మార్చారు. అక్కడ పెద్ద ప్రభుత్వాసుపత్రి, కోస్ట్‌గార్డ్ రక్షణ సమన్వయ కేంద్రం రెండూ ఉన్నాయి. ఓడ అటు తిరిగితే ముప్పై గంటల్లో రేవు దగ్గరికి చేరుతుంది. అంతకంటే ముందే హెలికాప్టర్ పరిధిలోకీ వస్తుంది. ఆ మధ్యలో యాంటీబయాటిక్స్ పనిచేసి, జ్వరం తగ్గి, కడుపు మెత్తబడితే, డాక్టరు సలహాతో మళ్లీ గంగవరం దారి పట్టవచ్చు. పోయేది కొన్ని గంటలు. గంగవరం వైపే సాగి, రెండో రోజు అపెండిక్స్ చిట్లితే పోయేదాన్ని గంటల్లో లెక్కించలేం.

అందుకని నా తీర్పు ఇది: అనుమానం కలిగిన మొదటి గంటలోనే డాక్టరుకు ఫోన్, జబ్బు రెండో కోవకు చెందిందనిపిస్తే వెంటనే మళ్లింపు, మళ్లుతూ ఉండగా ఓడలో వైద్యం, పరిధిలోకి వచ్చాక అవసరమైతే హెలికాప్టర్. నాలుగు అడుగులూ ఈ వరుసలో వేయాలి. విడిగా తూచితే, తీవ్రమైన జబ్బుల్లో ఎక్కువమందికి మేలు చేసేది తొందరగా తీసుకున్న మళ్లింపు నిర్ణయమే. అరుదుగా, డాక్టరున్న ప్రయాణికుల ఓడో నౌకాదళ ఓడో దగ్గరలో ఉంటే దాన్ని కలుసుకోవడం ఇంకా మేలు. 1958లో అమెరికా కోస్ట్‌గార్డ్ మొదలుపెట్టిన, సాయపడగల ఓడల స్థానాలను నమోదు చేసే ఆమ్వెర్ వ్యవస్థ ద్వారా అలాంటి ఓడలను వెతకవచ్చు.

రేవు చేరినా దించనివ్వని రోజులు కూడా వచ్చాయి. కోవిడ్ కాలంలో అనేక దేశాలు అనారోగ్యంతో ఉన్న నావికులను ఒడ్డుకు రానివ్వలేదు. ఆ అనుభవంతోనే సముద్ర కార్మిక ఒప్పందానికి 2022లో సవరణ చేశారు. తక్షణ వైద్యం అవసరమైన నావికులను తమ జలాల్లోని ఓడల నుంచి వెంటనే దించి ఆసుపత్రికి అందేలా చూడటం సభ్యదేశాల బాధ్యత అయింది. 2024 డిసెంబరు 23 నుంచి అది అమలులో ఉంది.

కాకినాడ, విశాఖ ఫిషింగ్ హార్బర్ల నుంచి రోజుల తరబడి వేటకు వెళ్లే బోట్లకు ఈ ఒప్పందం వర్తించదు. వాటిలో ఆసుపత్రి గదీ లేదు, శిక్షణ పొందిన అధికారీ లేడు. అక్కడ పోలిక కూడా చిన్నదైపోతుంది: వీహెచ్‌ఎఫ్ రేడియో 16వ ఛానెల్‌లోనో, ఇస్రో రూపొందించిన ఆపద సంకేత పరికరంతోనో, ఫోన్ అందే చోట కోస్ట్‌గార్డ్ నంబరు 1554కో వెంటనే కబురు పెట్టి, బోటును ఒడ్డు వైపు తిప్పడం తప్ప వేరే దారి లేదు.

మళ్లింపు ఆలస్యం కావడానికి కెప్టెన్ ఒక్కడే కారణం కాడు. కాంట్రాక్టు మధ్యలో దించేస్తారేమో, మళ్లీ పిలవరేమో అన్న భయంతో నొప్పిని రెండు రోజులు దాచే నావికులు చాలామంది ఉంటారు; శ్రీకాకుళం నుంచి అప్పుచేసి కోర్సులు చదివి ఓడెక్కిన కుర్రవాడికి ఆ భయం ఇంకా ఎక్కువ. అతనికి, అతని ఇంట్లోవాళ్లకు తెలియాల్సిన విషయం ఒకటుంది. ఓడలో ఉండగా వచ్చిన జబ్బుకు వైద్యం ఖర్చు యజమానిదే. ఓడలో ఉన్నంతకాలం, ఇంటికి పంపేదాకా పూర్తి జీతం ఇవ్వాలి. ఈ బాధ్యతకు దేశాలు గడువు పెట్టవచ్చు గాని, అది జబ్బు మొదలైన రోజు నుంచి 16 వారాలకు తగ్గకూడదు. ఉద్యోగంలో చేరేటప్పుడే కావాలని దాచిపెట్టిన జబ్బులకు మాత్రం ఈ రక్షణ పోవచ్చు. ఓడ మీద నొప్పి మొదలైన రోజే చెప్పినవాడికి ఈ హక్కులన్నీ ఉంటాయి, పైగా డాక్టరుకు అతన్ని కాపాడటానికి కావలసిన గంటలూ ఉంటాయి.