విశాఖ ఉక్కపోతలో బ్రెడ్ మిషన్: పిండి కలపడం దానికొదిలేయండి, పొంగు మీరు చూసుకోండి

ఇది నిలువు పాన్, అడుగున పిండి కలిపే ఒకే రెక్క, 550 వాట్ల దరిదాపుల్లో ఉండే మామూలు ఇంటి బ్రెడ్ మిషన్ సంగతి. కంపెనీ ఏదైనా లోపలి వ్యవహారం ఇంచుమించు ఒకటే. పిండి కలపడంలో దీనికి వంక పెట్టలేం. కాల్చడం ఫర్వాలేదు. పొంగించే దగ్గర మాత్రం విశాఖపట్నం వాతావరణం దీనికి బొత్తిగా తెలియదు.

బేసిక్ ప్రోగ్రామ్ సుమారు మూడు గంటలు. అందులో సగం దాకా పిండి పొంగడానికే పోతుంది. గది చల్లగా ఉన్నా పిండి లేవాలని మిషన్ మధ్యమధ్యలో హీటర్ కొద్దిగా వేస్తుంది. వేడి పెంచడం దానికి చేతనవును, తగ్గించడం చేతకాదు. మే నెల మధ్యాహ్నం ఎంవీపీ కాలనీలోనో గాజువాకలోనో వంటిల్లు 33, 34 డిగ్రీలుంటే ఈస్ట్ తన పని ముందే ముగించేస్తుంది. కాలే వేళకి పిండిలో పట్టు ఉండదు, బ్రెడ్ నెత్తిన గుంట పడుతుంది. ఈస్ట్ చాల్లేదనుకుని మర్నాడు ఇంకో అర చెంచా వేస్తారు చాలామంది. గుంట ఇంకా లోతవుతుంది.

ఇక్కడ కుదిరే కొలత ఇది, మీడియం సైజుకి. మైదా 400 గ్రాములు, నీళ్లు 250 మిల్లీలీటర్లు, నూనె గానీ వెన్న గానీ 20 గ్రాములు, పంచదార 20, పాలపొడి 15, ఉప్పు 8 గ్రాములు. ఇన్‌స్టంట్ ఈస్ట్ డిసెంబరు, జనవరిలో ఒక టీస్పూన్ తలకొట్టి, ఎండాకాలంలో ముప్పావు టీస్పూన్. ఎండాకాలం నీళ్లు ఫ్రిజ్‌లోవే పొయ్యాలి, ఎందుకంటే రెక్క తిరిగే రాపిడికే పిండి వేడెక్కుతుంది. ఆరోగ్యమని ఉప్పు తగ్గించకండి. ఈస్ట్‌కి కళ్లెం అదే. కప్పుతో కొలిస్తే మైదా 20, 30 గ్రాములు అటూ ఇటూ అవుతుంది కాబట్టి కాటా లేకుండా ఈ పనికి దిగవద్దు.

పాన్‌లో ముందు నీళ్లు, నూనె, ఉప్పు, పంచదార, పైన మైదా, పాలపొడి, మధ్యలో గుంట చేసి ఈస్ట్. కొన్ని కంపెనీలు ఈస్ట్ అడుగున వెయ్యమంటాయి. అలా ఉంటే వాళ్ల పుస్తకం చెప్పినట్టే చెయ్యండి. కలపడం మొదలయ్యేదాకా ఈస్ట్‌కి తడి, ఉప్పు తగలకూడదు, అంతే. వానాకాలంలో డబ్బాలోని మైదా అప్పటికే చెమ్మ పీల్చి ఉంటుంది. అందుకని కొలత నీళ్లలో రెండు టేబుల్‌స్పూన్లు ముందే పొయ్యకుండా పక్కన ఉంచుకోండి.

ఇక అసలు గమనించాల్సిన పది నిమిషాలు. స్టార్ట్ నొక్కిన ఐదో నిమిషంలో మూత తీసి, మూలల్లో ఇరుక్కున్న పొడి పిండిని ప్లాస్టిక్ గరిటెతో లోపలికి తొయ్యండి. పదో నిమిషానికి పిండి గోడలు వదిలి ఒకే ముద్దగా తిరగాలి. వేలితో నొక్కితే కాస్త అంటుకుని వదిలెయ్యాలి, పాన్ అడుగున చిన్న మరక మిగలొచ్చు. ముద్ద అవకుండా అడుగున పరుచుకుంటే ఒక చెంచా మైదా, టకటకమని గోడలకి కొట్టుకుంటుంటే ఒక చెంచా నీళ్లు. కలిపేటప్పుడు మూత తియ్యడం వల్ల నష్టమేమీ లేదు. పొంగేటప్పుడు, కాలేటప్పుడు మాత్రం దాని జోలికి వెళ్లకూడదు.

ఎండాకాలంలో ఇంతచేసినా గుంట పడుతుంటే బేసిక్‌ని నమ్ముకోవద్దు. పిండి కలిపి, ఒకసారి పొంగించి, కాల్చకుండా ఆగిపోయే డో ప్రోగ్రామ్ పెట్టి, అది అయ్యాక చేత్తో ఒకసారి గాలి తీసి, ఆ రెక్క కూడా లాగేసి, పిండిని పాన్‌లోనే పొంగనివ్వండి. అంచుకి అంగుళం కిందికి రాగానే బేక్ ఒక్కటే పెట్టి 50 నుంచి 55 నిమిషాలు. గడియారాన్ని కాదు, పిండిని చూసి కాల్చడమన్నమాట. బ్రెడ్ అడుగున రెక్క చేసే పెద్ద చిల్లు కూడా దీంతో తప్పుతుంది.

పంచదార బదులు అనకాపల్లి బెల్లం బాగుంటుంది, రంగు కూడా వస్తుంది. కానీ ముక్కలుగా వెయ్యకండి. కొలత నీళ్లలోనే కరిగించి, వడకట్టి, చల్లార్చి పొయ్యాలి. బెల్లంలో ఇసుక ఉంటే నాన్‌స్టిక్ పూతని గీరేస్తుంది.

గోధుమపిండి ప్రోగ్రామ్ పేరు చూసి ఆశపడితే నిరాశే. మర పట్టిన పిండి నీళ్లు ఎక్కువ తాగుతుంది, 400 గ్రాములకి 300 మిల్లీలీటర్లు దాటొచ్చు. పిండికి సాగే గుణమిచ్చే గ్లూటెన్ పోగుల్ని తవుడు తెంపుతుంది. ఐదు నిమిషాలు కలిపి, మిషన్ ఆపి, అరగంట నాననిచ్చి మళ్లీ మొదలుపెట్టడం, ఒక టేబుల్‌స్పూన్ గ్లూటెన్ పొడి కలపడం, ఈ రెండూ చేస్తే ముక్క కోయడానికి వస్తుంది. బేకరీ బ్రెడ్ మెత్తదనం రాదు. చోడిపిండి, అంటే రాగిపిండి, ఐదో వంతు మించితే ఇటుకే.

రాత్రి పెట్టి పొద్దున తినే టైమర్ ఈ ఊళ్లో పాలు, గుడ్డు లేని బ్రెడ్‌కే వాడాలి. ఉక్కలో అవి అన్ని గంటలు నిలవవు. కరెంటు పోతే కొన్ని మోడళ్లు పది నిమిషాల దాకా ఎక్కడ ఆగాయో గుర్తుపెట్టుకుంటాయి, కొన్ని మొదటికొస్తాయి. కొనేముందు తేల్చుకోవాల్సిన విషయం.

దించిన బ్రెడ్‌ని గంటసేపు జాలీ మీద ఆరనిచ్చాకే కొయ్యండి. వేడిమీద కోస్తే లోపల ముద్దగా ఉంటుంది, ఉడకలేదని మిషన్‌ని తిడతారు. ప్రిజర్వేటివ్ ఉండదు కాబట్టి వానల్లో మూడో రోజుకే బూజు వచ్చేస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే త్వరగా ఎండిపోతుంది. ముక్కలు కోసి ఫ్రీజర్‌లో పెట్టుకోవడమే మంచిది. తెరిచిన ఈస్ట్ కూడా గట్టి మూత సీసాలో అక్కడే ఉండాలి.

పాన్‌ని నీళ్లలో ముంచకండి. అడుగున తిరిగే ఇరుసులోకి నీళ్లు చేరితే తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. బీచ్ రోడ్డు వైపు ఇళ్లలో ఉప్పుగాలికి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. రెక్క రాకపోతే లోపల గోరువెచ్చని నీళ్లు పోసి పావుగంట ఉంచితే ఊడొస్తుంది. పాన్ కింద తడి మరకలు కనబడితే సీల్ అరిగిందని అర్థం.

వారానికి రెండుసార్లయినా బ్రెడ్, పావ్, పిజ్జా పిండి చేసుకునే ఇంటికి ఇది పనికొస్తుంది, డో ప్రోగ్రామ్ ఒక్కదానికే డబ్బు గిట్టుబాటవుతుంది. నెలకోసారి సరదాకైతే అటకెక్కుతుంది. పంతొమ్మిది మెనూలని డబ్బా మీద రాసినదానికి మురిసిపోకండి, వాడేవి మూడో నాలుగో. బేక్ విడిగా ఉందా, రెక్క, పాన్ స్పేర్‌గా దొరుకుతాయా, సర్వీసుకి మనిషి ఊళ్లోనే ఉన్నాడా అన్నవి అడిగి, జవాబు నోటిమాటగా కాకుండా బిల్లు మీద రాయించుకోండి.