గుడ్లగూబ కోసం లండన్ దాకా

జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1509 నుంచి పోయేదాకా ఉన్న న్యూరెంబర్గ్ ఇల్లు చూడదగ్గదే. ఆ రోజుల్లో అచ్చు ఎలా తీసేవారో అక్కడ చేసి చూపిస్తారు, మా అబ్బాయి కదల్లేదు. కానీ ఆ కాలపు ఎన్‌గ్రేవింగులను, అంటే రాగిరేకు మీద చెక్కి కాగితం మీద అచ్చు తీసిన బొమ్మలను, ముక్కు ఆనించేంత దగ్గరగా చూడాలంటే నా ఓటు లండన్‌కే. బ్రిటిష్ మ్యూజియంలో ప్రింట్స్ అండ్ డ్రాయింగ్స్ స్టడీ రూమ్ ఉంది. ముందే అపాయింట్‌మెంట్ తీసుకోవాలి, పైసా ఖర్చు లేదు. పెన్ను మాత్రం తీయకూడదు, రాసుకోవాలంటే పెన్సిలే.

బస సంగతి చెప్పుకోకపోతేనే మంచిది. నడిచి వెళ్లొచ్చు కదా అని బ్లూమ్స్‌బరీలో ఒక పాత హోటల్ బుక్ చేశాను. గది నాలుగో అంతస్తులో, లిఫ్ట్ లేదు. సూట్‌కేసులు మోసి నాకు నడుం పట్టేసింది. మా ఆవిడ మూడు రోజులూ ఆ మెట్ల గురించే దెప్పింది. యూస్టన్ దగ్గర డ్రమ్మండ్ స్ట్రీట్‌లో దోసె తినిపించాక కాస్త చల్లబడింది.

స్టడీ రూమ్‌లో నేను మొదట అడిగింది జర్మన్ ఎన్‌గ్రేవర్ షోన్‌గావర్ చెక్కిన గుడ్లగూబ, లతల బొమ్మ. 1491లో పోయిన ఈయన కంసాలి కొడుకు. డ్యూరర్ కూడా అంతే. ఇలాంటి లతల బొమ్మలు వెండి బంగారు పనివాళ్లకు నమూనాలుగా పనికొచ్చేవి. మెలికలు తిరిగిన ఆకుల మధ్య గుడ్లగూబ, దాని మీదికి ఎగబడే చిన్న పిట్టలు. రాగిరేకు మీద గీసిన గీతలు ఎంత సన్నమంటే, ఈకకూ ఆకుకూ తేడా తెలియడానికి భూతద్దం కావలసివచ్చింది. గుడ్లగూబ కూస్తే అపశకునం అని వింటూ పెరిగినవాణ్ణి, అదే అయ్యుంటుందనుకున్నా. అక్కడి లెక్క వేరు. వెలుగు గిట్టక చీకట్లో దాక్కునేది కాబట్టి అది పాపికి గుర్తు, పగటి పిట్టలు దాన్ని ఎగతాళి చేస్తున్నాయి.

తర్వాత డ్యూరర్ 1504లో చెక్కిన ఆదాము, హవ్వ. ఇది లతల బొమ్మ కాదు గానీ, జంతువుల కోసం అడిగాను. దుప్పి దిగులుకు, ఎద్దు మందకొడితనానికి, కుందేలు కామానికి, పిల్లి క్రూరత్వానికి గుర్తులని పండితులు చెబుతారు. ఆదాము, హవ్వ దేవుడు వద్దన్న పండు ఇంకా తినలేదు కాబట్టి వాళ్ల కాళ్ల దగ్గర పిల్లి, దాని ఎదుటే ఎలుక, రెండూ కదలకుండా ఉన్నాయి. దూరంగా కొండ అంచున ఆవగింజంత మేక. ఎన్నోసార్లు పుస్తకాల్లో చూసిన బొమ్మే, ఆ మేక ఎప్పుడూ కంటబడలేదు.

దాన్ని చూస్తూ కూర్చునేసరికి టైమ్ అయిపోయింది. ఇంకో జర్మన్ ఎన్‌గ్రేవర్ ఆల్డెగ్రేవర్ చెక్కిన లతల బొమ్మలు అడగనే లేదు.