మూసీకి ఎదురెక్కి అనంతగిరి దాకా: మొరం బాట బంగారం, బస మోసం

నా సైకిల్ పంపు పోయింది. 1,850 పెట్టి కొన్న చేతి పంపు. డబ్బు సంగతి అలా ఉంచండి, అది పోయిన తీరు, అడిగితే రిసార్ట్ వాళ్ళు చెప్పిన జవాబు ఇప్పటికీ మింగుడు పడటం లేదు. అందుకే రాస్తున్నాను.

వెళ్ళింది ముగ్గురం: నేను, మా బావ, పదిహేడేళ్ళ మేనకోడలు. నాదీ పాపదీ 40 మిల్లీమీటర్ల టైర్లున్న గ్రావెల్ సైకిళ్ళు, బావది పాత ఎంటీబీ, అంటే కొండ బాటల సైకిల్. ఆలోచన పాపది. గండిపేట చెరువు నిండేది మూసీ నీళ్ళతో, 1908 వరద తర్వాత ఆ నదికి అడ్డకట్ట వేసి 1920లో పూర్తి చేశారని బళ్ళో చదివింది. ఆ మూసీ పుట్టేది అనంతగిరి కొండల్లో. అక్కడిదాకా ఎదురు తొక్కుదాం మామా అంది. దసరా సెలవుల్లో బయలుదేరాం.

మొదటి రోజు పొద్దున ఐదింటికి నార్సింగిలో సోలార్ కప్పు సైకిల్ ట్రాక్ ఎక్కాం. చిలుకూరు, మొయినాబాద్, చేవెళ్ళ దారిలో మర్రిచెట్ల నీడ, మన్నెగూడ, వికారాబాద్. టిఫిన్లకు ముగ్గురికీ 210. ఏ ఇబ్బందీ లేదు. మన్నెగూడ దాటేటప్పుడు మాత్రం మనసు చివుక్కుమంది. ఇంతకుముందు అక్కడి నుంచి దామగుండం అడవిలోకి తిరిగేవాళ్ళం. హైదరాబాద్ చుట్టుపక్కల నాకు తెలిసిన మొరం బాటల్లో దానికి సాటి లేదు. ఇప్పుడు దాదాపు 2,900 ఎకరాలు నౌకాదళం రేడియో సంకేతాల కేంద్రానికి ఇచ్చారు, 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన కూడా అయింది. పాత మ్యాపులు పట్టుకుని అటు పోకండి.

ఇక బస సంగతి. కొండ మీద ఒక రిసార్ట్‌లో ముందుగా ఫోన్ చేసి కాటేజీ మాట్లాడాను, 4,200. 2,000 అడ్వాన్స్ పంపాను. "సైకిళ్ళు గదిలో పెట్టుకోవచ్చా?" అని రెండుసార్లు అడిగాను. "పెట్టుకోండి సార్, మీ ఇష్టం" అన్నాడు. తీరా వెళ్ళాక కౌంటర్ దగ్గర మనిషి టైర్ల మట్టి చూసి, టైల్స్ పాడవుతాయి, లోపలికి కుదరదన్నాడు. కార్లు పెట్టే చోట పెట్టమన్నాడు. దానికి సైకిల్‌కు 200 అట. బావకు అప్పుడే ముఖం ఎర్రబడింది. పాప చూస్తోందని గొడవ పెట్టుకోలేదు.

కాటేజీ అంటే రేకుల గది. రాత్రి ఏడింటికి వాన మొదలైంది, కరెంటు పోయింది. జనరేటర్ ముందువైపు గదులకే ఉందట. వేడినీళ్ళు బకెట్‌కు 50. పక్కన ఏదో పుట్టినరోజు, ఒంటిగంట దాకా డీజే. 75 కిలోమీటర్లు తొక్కి వచ్చిన పిల్ల చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంది.

పొద్దున చూస్తే నా సీటు కింద సంచి ఖాళీ. పంపు, వాల్వ్ అడాప్టర్, రెంచీల సెట్ అన్నీ పోయాయి. అడిగితే కౌంటర్ మనిషి కోతులు అన్నాడు. జిప్పు మూసే ఉంది. "కోతి జిప్పు మళ్ళీ వేసిపోతుందా?" అని పాప నిజంగానే అడిగింది. అతను తల తిప్పుకున్నాడు. సీసీ కెమెరా చూపించమంటే కరెంటు లేదన్నాడు. బిల్లు తెల్లకాగితం మీద రాసిచ్చాడు: గది 4,200, సైకిళ్ళకు 600, నీళ్ళకు 150, సర్వీస్ చార్జీ 420. మొత్తం 5,370. వస్తువు పోయిన చోటే దాన్ని కాపలా కాసినందుకు 600 కట్టి బయటపడ్డాం. బావ గేటు దాకా ఒక్క మాట మాట్లాడలేదు.

అనంత పద్మనాభస్వామి గుడి మెట్లు దిగి కోనేరు దగ్గర పావుగంట కూర్చున్నాక గానీ అతను మామూలు మనిషి కాలేదు. మన ఊళ్ళో మురుగు కంపు కొట్టే మూసీ మొదలు ఇక్కడేనంటే పాప చాలాసేపు నమ్మలేదు.

గుడి నుంచి కోట్‌పల్లి ప్రాజెక్టు వైపు పక్క బాటలు పట్టాం, మా మీటర్‌లో 24 కిలోమీటర్లు. ఎర్రమొరం ఎంత వాన పడ్డా నీళ్ళు ఇంకించేసుకుంటుంది. రాత్రంతా కురిసినా టైరు గట్టిగా పట్టింది. గాలి 35 పీఎస్ఐ పెట్టుకుంటే చాలు, ఎక్కువైతే గులకరాళ్ళ మీద ఎగురుతుంది. కొండ దిగాక నల్లరేగడి మొదలవుతుంది, అక్కడ జాగ్రత్త. అర కిలోమీటరు పత్తి చేను గట్టు దాటేసరికి చక్రాలు తిరగలేదు, సైకిళ్ళు భుజాన వేసుకున్నాం. ఆ గట్టు మీదే పల్లేరుకాయలు. నా వెనక టైరులో మూడు దిగాయి. టైరు లోపల పోసే సీలెంట్ జిగురు కన్నాలు మూసింది గానీ గాలి మొత్తం పోయింది. పంపు లేదు. నాలాగే పాపదీ సన్న వాల్వే (ప్రెస్టా అంటారు), అందరికీ కలిపి నా పంపే కదా అని ఆమె తేలేదు. బావ పంపు మోటార్‌సైకిల్ రకం వాల్వ్‌కే పడుతుంది, కలిపే అడాప్టర్ నా సంచితో పోయింది.

మూడు కిలోమీటర్లు నడిపించుకుంటూ ఒక చిన్న ఊరు చేరాం. అరుగు మీద కూర్చున్న అవ్వ, "ఏమైంది బిడ్డా, గీ ఎండల గట్ల నడిపిచ్చుకుంట వస్తున్రు?" అంది. విషయం చెప్పేలోపే తాత లోపలి నుంచి తన పాత సైకిల్ పంపు తెచ్చాడు. మామూలు సైకిళ్ళకు వాడే ఆ పంపు మూతి సన్న వాల్వ్‌కు చక్కగా పట్టింది. తోలు వాషర్ అరిగిపోయి సగం గాలి వెనక్కి తన్నేది. తాత, నేను, బావ వంతులు వేసుకుని కొట్టాం. దాదాపు రెండొందల పోట్లకు టైరు నిలబడింది.

ఆలోపు అవ్వ జొన్నరొట్టెలు కాల్చింది. తాండూరు కందిపప్పు, పచ్చిమిర్చి తొక్కు, ఉల్లిగడ్డ. ఆ పప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివాను, ఎందుకు వచ్చిందో ఆ అరుగు మీద తెలిసింది. ముద్దలా ఉడికినా దాని రుచి దానిదే. నిమ్మకాయ కూడా అక్కర్లేదు. పాప నాలుగు రొట్టెలు తింది, ఇంట్లో ఒకటి తినదు. డబ్బులిస్తే అవ్వ కోప్పడింది. "మా పిల్లలు పట్నంల ఉంటరు, వాళ్ళకు మీరు గిట్ల పెట్టరా?" అంది. చివరికి పప్పు కొంటామని బతిమాలి రెండు కిలోలు కిలో 160 చొప్పున తీసుకున్నాం. బావ పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వాడు.

కోట్‌పల్లిలో పడవల దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు, ఎక్కలేదు. సెలవు రోజున వద్దు. వికారాబాద్ నుంచి ట్రాలీ ఆటోలో సైకిళ్ళతో మెహిదీపట్నం, 2,400.

సైకిల్ తొక్కడానికి నర్సాపూర్ అడవి బాగుంటుందా, ఇదా అని ఎవరైనా అడిగితే నీడకు నర్సాపూర్, బాటకు ఇది. అక్కడ పెద్ద రోడ్డు దగ్గర్లోనే ఉండటంతో లారీల మోత వదలదు. ఇక్కడ మాత్రం కొండ మీద గది తీసుకోకండి. వికారాబాద్ స్టేషన్ దగ్గరి మామూలు లాడ్జీలో దిగండి. సైకిళ్ళు గదిలోకి రానిస్తామని ఫోన్లో చెబితే సరిపోదు, మెసేజ్‌లో రాయించుకుని అప్పుడే అడ్వాన్స్ పంపండి. పంపు రాత్రి తలగడ కింద పెట్టుకోండి.

కొత్త కంది సంక్రాంతి తర్వాత ఇంటికొస్తుందని, అప్పుడు రమ్మని అవ్వ చెప్పింది. వెళ్తాం. పాత సైకిల్ సామాన్ల షాపులో పంపు తోలు వాషర్లు దొరికాయి, ఒక్కోటి 15. నాలుగు కొని సంచిలో వేశాను. రెండు తాతకు.