ఇరవై కిలోలతో కొండదారి: రెండు బ్యాగులు, ఒక నడక

ఊళ్లు తగలని దారిలో వారం దాటి నడవాలంటే బరువు తగ్గించుకోవడం కొంతవరకే సాధ్యం. టెంటు, స్లీపింగ్ బ్యాగు, స్టవ్ ఎంత తేలికవి తెచ్చుకున్నా తిండి మాత్రం మనిషికి రోజుకు ముప్పావు కిలో దాకా తూగుతుంది. ఊటలు లేని గుట్ట దాటాల్సిన రోజున నాలుగైదు లీటర్ల నీళ్లు, అంటే నాలుగైదు కిలోలు, దాని పైన. మేమిద్దరం నడిచింది అలాంటి దారే. బయల్దేరేటప్పుడు చెరో బ్యాగు ఇరవై కిలోలు దాటింది. బ్యాగులు మాత్రం రెండూ రెండు తీరులు.

నాది 85 లీటర్లది, ఖాళీగానే రెండున్నర కిలోలు. వీపు వైపు ఫ్రేమ్‌గా రెండు అల్యూమినియం పట్టీలు, గట్టి ప్లాస్టిక్ పలక, తుంటి చుట్టూ బిగించే మందపాటి హిప్ బెల్ట్. మా వాడిది 60 లీటర్లది, కిలో పైచిలుకు. లోపల ఫ్రేమ్ లేదు, బెల్ట్ సన్నగా ఉంటుంది. తేలిక సామాన్లతో నడిచేవాళ్లకు అది మంచి బ్యాగే, నాకు దాని మీద చిన్నచూపు లేదు. చదును దారిలో నడిచినంతసేపూ అతను హాయిగానే ఉన్నాడు.

తేడా రాళ్ల ఎక్కుడులో తెలిసింది. బరువుకు వీపు భాగం ముడుచుకుపోయి బ్యాగు కిందికి కుంగింది, బెల్ట్ తుంటి మీద నుంచి జారింది, మోతంతా భుజాల మీద పడింది. మధ్యాహ్నానికి అతని ఎడమ చేతి వేళ్లు తిమ్మిరెక్కాయి. భుజం మీదుగా చేతికి వెళ్లే నరాల గుత్తిని పట్టీ నొక్కడం వల్ల వచ్చే తిమ్మిరి అది. వైద్యులు రక్‌సాక్ పాల్సీ అనే ఇబ్బందికి ఇదే మొదటి మెట్టు, నిర్లక్ష్యం చేస్తే చెయ్యి నీరసించిపోతుంది. వెంటనే బ్యాగులు మార్చుకున్నాం. అతనిది తగిలించుకున్నాక అడుగడుగుకీ దాని అడుగుభాగం నా పిరుదులకు కొట్టుకోవడం, మెడ పక్కన పట్టీ కోసుకుపోవడం స్పష్టంగా తెలిశాయి. నా బ్యాగు వేసుకున్న అతను కాసేపు నడిచి, "ఇందులో రాళ్లు తీసేశావా ఏంటి?" అన్నాడు. నిజానికి బరువు దాదాపు అంతే. మోసే చోటు మారింది, అంతే.

అందుకే ఎవరడిగినా లీటర్లు తర్వాత చూడమంటాను, ముందు ఫ్రేమూ బెల్టూ. సరిగ్గా కుదిరిన బ్యాగులో బరువులో ఎక్కువ భాగం, నాలుగింట మూడు వంతులకు అటూ ఇటూగా, తుంటి ఎముకల మీదికి దిగుతుంది. భుజాల పట్టీల పని బ్యాగు వెనక్కి పడకుండా పట్టుకోవడమే. ఈ ఆలోచన కొత్తది కాదు. డిక్ కెల్టీ 1952లో కాలిఫోర్నియాలో తయారుచేయడం మొదలుపెట్టిన బ్యాగులకు బయట అల్యూమినియం ఫ్రేమ్ ఉండేది, నడుం పట్టీతో బరువును తుంటికి దించడం ఆయన వల్లే బాగా వాడుకలోకి వచ్చింది. బయటి ఫ్రేమ్ ఇప్పటికీ వంకరటింకర సామాను మోయడానికి భేషైనది. కానీ రాళ్ల మీద ఒళ్లు తూలినప్పుడు అది మనల్ని ఇంకాస్త పక్కకు లాగుతుంది. ఇరుకు దారుల్లో వీపును అంటిపెట్టుకుని ఉండే లోపలి ఫ్రేమ్‌కే నా ఓటు.

కొలత విషయంలో చాలామంది మనిషి ఎత్తు చూస్తారు. చూడాల్సింది వెన్ను పొడవు. తల ముందుకు వంచితే మెడ మొదట్లో ఒక ఎముక పొడుచుకొస్తుంది. చేతులు తుంటి మీద పెట్టుకుంటే బొటనవేళ్లు వెనక కలిసే గీత ఒకటి దొరుకుతుంది. ఈ రెండింటి మధ్య దూరమే కొలత. ఆరడుగుల మనిషికి పొట్టి వెన్ను ఉండొచ్చు. ఆస్‌ప్రే ఏథర్, గ్రెగరీ బాల్టోరో, డాయిటర్ ఎయిర్‌కాంటాక్ట్ లాంటి పెద్ద బ్యాగుల్లో ఈ పొడవు సర్దుకునే వీలుంది. ఆడవాళ్ల ఒంటితీరుకు తగ్గట్టు ఆస్‌ప్రే ఏరియల్, గ్రెగరీ దేవా వంటివి విడిగా వస్తున్నాయి.

బెల్ట్ బిగించినప్పుడు తుంటి ఎముక పై అంచు బెల్ట్ మధ్యలోకి రావాలి. ముందు వైపు రెండు మెత్తల మధ్య నాలుగు వేళ్ల సందు మిగలాలి. దీన్ని ఎవరూ పట్టించుకోరు గానీ, రోజులు గడిచేకొద్దీ నడుం సన్నబడుతుంది, మెత్తలు ముందే ఒకదానికొకటి తగిలితే ఇక బిగించే దారి ఉండదు. అలాగని మరీ బిగిస్తే తొడ పక్కన మంట, మొద్దుబారడం మొదలవుతాయి. అక్కడా ఒక నరం నలుగుతుంది.

లీటర్ల సంగతికొస్తే, వారం లోపు నడకకు 65 చాలు. మంచులోకి, లేదా తిండి దొరకని దారిలోకి వెళ్తే 75 నుంచి 85. ఒక ప్రామాణిక పద్ధతిలో 20 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బంతులు నింపి ఈ కొలత తీస్తారు, కానీ బయటి జేబుల్ని కలపడంలో కంపెనీలన్నీ ఒకలా లేవు. అందుకే రెండు కంపెనీల 70 లీటర్లు ఒక్కటి కావు. మీ సామానంతా పట్టుకెళ్లి నింపి చూడటమే నమ్మకమైన పద్ధతి. నా 85 చివరి రోజుల్లో సగం ఖాళీ అయి, పక్క పట్టీలు పూర్తిగా లాగినా లోపల సామాను కదిలింది. ఈ దారికి 75 సరిపోయేది.

బట్ట విషయంలో ఒక్క మాట: అడుగుభాగం 400 డెనియర్‌కు (దారం ఎంత మందమో చెప్పే కొలత) తగ్గకుండా చూసుకోండి, బ్యాగును రాళ్ల మీద దించేది అటువైపే కాబట్టి. వాన కవర్ గాలికి ఎగిరిపోతుంది. లోపల మందపాటి ప్లాస్టిక్ సంచి వేసి అందులో సర్దుకుంటే స్లీపింగ్ బ్యాగు తడవదు. తిండి, నీళ్లు వెన్నుకు ఆనించి, భుజపుటెముకల ఎత్తులో ఉండాలి.

దుకాణంలో ఖాళీ బ్యాగులన్నీ బాగానే కూర్చుంటాయి. పద్దెనిమిది, ఇరవై కిలోలు నింపి కనీసం అరగంట మెట్లెక్కి దిగండి. అద్దెకు దొరికితే ఒక రాత్రి నడకకు తీసుకెళ్లండి, ఇంకా మంచిది. కొన్నాక, కుట్టు అక్కర్లేకుండా తగిలించుకునే హిప్ బెల్ట్ బకిల్ ఒకటి అదనంగా జేబులో పడేసుకోండి. దాని బరువు కొన్ని గ్రాములే. దారి మధ్యలో అది విరిగితే మాత్రం ఇరవై కిలోలూ మళ్లీ భుజాల మీదికే వస్తాయి.